నాన్-ఇన్వర్టింగ్ ఆంప్లిఫయర్: సూత్రం చెప్పని సంగతులు

ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లను నాన్-ఇన్వర్టింగ్ ఆంప్లిఫయర్ గెయిన్ ఎంత అని అడిగితే తడుముకోకుండా చెబుతారు: ఒకటి ప్లస్ పై రెసిస్టర్ బై కింది రెసిస్టర్. ఆ ఒకటి ఎక్కణ్నుంచి వచ్చిందంటే మాత్రం చాలామంది ఆగిపోతారు. రెండు ఇన్‌పుట్‌ల మధ్య తీగ ఏదీ లేకుండానే వాటి వోల్టేజి సమానం ఎలా అవుతుందని అడిగితే ‘వర్చువల్ షార్ట్’ అంటారు. జరిగినదానికి అదొక పేరు. అలా ఎందుకు జరిగిందో ఆ పేరు చెప్పదు. పాలిటెక్నిక్ డిప్లొమాలోనూ, బీటెక్‌లో లీనియర్ ఐసీ అప్లికేషన్స్ పాఠంలోనూ మన పిల్లలు ఏటా నేర్చుకునే ఈ చిన్న సర్క్యూట్‌ను వివరించడానికి ఇప్పటికి నాలుగైదు దారులున్నాయి. ఏ దారి ఎంత దూరం తీసుకెళుతుందో, ఎక్కడ విద్యార్థిని వదిలేస్తుందో చూడటమే ఈ వ్యాసం పని.

ముందు సర్క్యూట్ సంగతి. ఒక ఆప్-ఆంప్, రెండు రెసిస్టర్లు, అంతే. సిగ్నల్ నేరుగా ప్లస్ ఇన్‌పుట్‌కి వెళుతుంది. అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్ దాకా రెండు రెసిస్టర్లు వరసగా ఉంటాయి. అవి కలిసే చోటు నుంచి ఒక తీగ మైనస్ ఇన్‌పుట్‌కి వస్తుంది. అవుట్‌పుట్ వైపున్నదాన్ని పై రెసిస్టర్ అనీ, గ్రౌండ్ వైపున్నదాన్ని కింది రెసిస్టర్ అనీ అందాం. ఆప్-ఆంప్‌కి తెలిసిన పని ఒక్కటే: ప్లస్ ఇన్‌పుట్ వోల్టేజిలోంచి మైనస్ ఇన్‌పుట్ వోల్టేజిని తీసేసి, మిగిలిన తేడాని విపరీతంగా పెంచి అవుట్‌పుట్‌గా ఇవ్వడం. 741 చిప్‌లో ఈ పెంపు సాధారణంగా 2 లక్షల రెట్లు. దీన్నే ఓపెన్ లూప్ గెయిన్ అంటారు. లెక్క కుదురుగా ఉండటానికి పై రెసిస్టర్ 9 కిలోఓమ్‌లు, కింది రెసిస్టర్ 1 కిలోఓమ్, చిప్ 741, సప్లై ప్లస్ మైనస్ 15 వోల్టులు అనుకుందాం. సూత్రం ప్రకారం గెయిన్ 10.

తరగతి గదుల్లో ఎక్కువగా నడిచేది రెండు నియమాల దారి. ఇన్‌పుట్‌లలోకి కరెంటు పోదు, ఫీడ్‌బ్యాక్ ఉన్నప్పుడు రెండు ఇన్‌పుట్‌ల వోల్టేజి సమానం. 1980లో వచ్చిన హోరోవిట్జ్, హిల్‌ల ‘ది ఆర్ట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్’ వీటిని గోల్డెన్ రూల్స్ అని పిలిచి ప్రపంచమంతా ప్రచారంలోకి తెచ్చింది. వీటితో గెయిన్ ఒక్క నిమిషంలో వచ్చేస్తుంది. ఇన్‌పుట్‌లో అర వోల్టు పెట్టామనుకోండి. మైనస్ ఇన్‌పుట్ కూడా అర వోల్టు దగ్గరే ఉండాలి. అంటే 1 కిలోఓమ్ కింది రెసిస్టర్‌లో అర మిల్లీఆంపియర్ పారుతోంది. మైనస్ ఇన్‌పుట్ కరెంటు తీసుకోదు కాబట్టి అదే అర మిల్లీఆంపియర్ పై రెసిస్టర్ గుండా కూడా వచ్చి ఉండాలి. 9 కిలోఓమ్‌ల మీద నాలుగున్నర వోల్టులు పడతాయి. కింద అర వోల్టు, దానిమీద నాలుగున్నర, మొత్తం అయిదు. ఆ ‘ఒకటి’ ఇక్కడిదే: కింది రెసిస్టర్ మీద నిలబడ్డ ఇన్‌పుట్ వోల్టేజే అది. అవుట్‌పుట్ దానిమీద పేర్చినది కాబట్టి గెయిన్ ఒకటికన్నా ఎప్పటికీ తగ్గదు. పై రెసిస్టర్‌ను తీసేసి అక్కడ తీగ వేసి, కింది రెసిస్టర్‌ను కూడా పీకేస్తే సరిగ్గా ఒకటే మిగులుతుంది. అదే వోల్టేజ్ ఫాలోయర్. 10 కిలోఓమ్‌లు, 1 కిలోఓమ్ పెట్టి పదికి బదులు పదకొండు వచ్చిందని ల్యాబ్‌లో తికమకపడేవాళ్లు ఈ పేర్పును ఒక్కసారి బొమ్మ గీసుకుంటే చాలు.

రెండో దారి బొమ్మ దారి. ఒక తలుపును తీసుకోండి. బందు దగ్గరగా చెయ్యి పెట్టి కొంచెం తోస్తే తలుపు అంచు అదే దిక్కుగా చాలా దూరం కదులుతుంది. బందు గ్రౌండ్, చెయ్యి పెట్టిన చోటు మైనస్ ఇన్‌పుట్, అంచు అవుట్‌పుట్. బందు నుంచి చేతికి ఒక వంతు, చేతి నుంచి అంచుకి తొమ్మిది వంతులు ఉంటే అంచు పది రెట్లు కదులుతుంది. దిక్కు మారకపోవడం, గెయిన్ ఒకటికి తగ్గకపోవడం రెండూ ఈ బొమ్మలో కళ్లకు కడతాయి. పిల్లలకి చెప్పడానికి నాకు నచ్చిన బొమ్మ ఇది. కానీ నిజం సర్క్యూట్‌లో చెయ్యి పెట్టిన చోట ఎవరూ తోయడం లేదు. కదిలేది అంచు. అంచు కదిలి కదిలి, ఆ మధ్యలోని చోటు సిగ్నల్‌తో సమానమైనప్పుడు ఆగుతుంది. ఎవరు కదిలిస్తున్నారో, ఎందుకు ఆగుతుందో ఈ బొమ్మ చెప్పలేదు. మొదటి దారీ చెప్పలేదు.

ఆ ప్రశ్నకి జవాబు వెతకాలంటే 1927కి వెళ్లాలి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ అప్పటికి ఏళ్ల తరబడి దూరప్రాంత టెలిఫోన్ లైన్లతో కుస్తీ పడుతున్నాడు. లైను పొడవునా ఒకదాని తర్వాత ఒకటిగా వందల ఆంప్లిఫయర్లు. ప్రతిదీ మాటను కొద్దిగా వంకర చేస్తుంది, ఆ వంకరలన్నీ పోగుపడతాయి. వాక్యూమ్ ట్యూబుల గెయిన్ వేడికి మారుతుంది, వయసుకి మారుతుంది, సప్లై మారితే మారుతుంది. ఆ సంవత్సరం ఆగస్టు 2న హడ్సన్ నది దాటించే ఫెర్రీలో ఆఫీసుకి వెళుతూ బ్లాక్ చేతిలో ఉన్న ‘న్యూయార్క్ టైమ్స్’ పేజీ మీదే ఒక బొమ్మ, కొన్ని సమీకరణాలు రాసుకున్నాడు. అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి ఇన్‌పుట్‌లోంచి తీసేస్తే గెయిన్ చాలావరకు పోతుంది. దానికి ప్రతిఫలంగా మిగిలిన గెయిన్ ట్యూబుల మీద కాకుండా, వెనక్కి తెచ్చిన భాగం మీద ఆధారపడుతుంది. కష్టపడి సంపాదించిన గెయిన్‌ను కావాలని పారేయడం ఏమిటని అప్పటి వాళ్లకి మింగుడు పడలేదు. 1928లో దరఖాస్తు చేసిన పేటెంటు 1937 డిసెంబరులో గాని చేతికి రాలేదు.

బ్లాక్ లెక్కను మన సర్క్యూట్‌కి వేసి చూద్దాం. అవుట్‌పుట్‌లో పదో వంతు వెనక్కి వస్తోంది. 2 లక్షల్లో పదో వంతు 20 వేలు. ఇది లూప్ గెయిన్. అసలు గెయిన్ రావాలంటే 2 లక్షలను 20,001తో భాగించాలి. వచ్చేది 9.9995. ఇప్పుడు చిప్ వేడెక్కి దాని ఓపెన్ లూప్ గెయిన్ సగానికి సగం పడిపోయి లక్ష అయిందనుకోండి. గెయిన్ 9.9990 అవుతుంది. లోపల సగం కూలిపోయినా బయట నాలుగో దశాంశ స్థానంలో గాని తెలియదు. అవుట్‌పుట్ 5 వోల్టులు ఉన్నప్పుడు రెండు ఇన్‌పుట్‌ల మధ్య ఉండే తేడా 5 వోల్టులను 2 లక్షలతో భాగిస్తే వస్తుంది: 25 మైక్రోవోల్టులు. వర్చువల్ షార్ట్ అన్నది ఈ 25 మైక్రోవోల్టులే. అది సున్నా కాదు, సున్నా అయితే అవుట్‌పుట్ కూడా సున్నా అయిపోతుంది. ఆ చిన్న తేడాయే అయిదు వోల్టులను నిలబెడుతోంది.

ఇన్‌పుట్ రెసిస్టెన్స్ ఎందుకంత ఎక్కువో కూడా ఈ లెక్కలోనే తెలుస్తుంది. 741 రెండు ఇన్‌పుట్‌ల మధ్య నిజంగా ఉండేది 2 మెగాఓమ్‌లు. కాని దాని రెండు కొనలూ కలిసి కదులుతున్నాయి, దానిమీద పడేది 25 మైక్రోవోల్టులే. అందులో పారే కరెంటు పన్నెండున్నర పికోఆంపియర్లు. అర వోల్టు సిగ్నల్‌కి అంత తక్కువ కరెంటు అంటే సిగ్నల్‌కి కనపడేది 40 గిగాఓమ్‌లు. పుస్తకాలు ఈ మాట దగ్గర ఆగి ‘ఇన్‌పుట్ రెసిస్టెన్స్ దాదాపు అనంతం’ అని రాస్తాయి. నాకు ఇక్కడ గట్టి అభ్యంతరం ఉంది. 741 లోపలి ట్రాన్సిస్టర్లు పనిచేయాలంటే వాటి బేస్‌లకి కరెంటు కావాలి. ఈ బయాస్ కరెంటు సాధారణంగా 80 నానోఆంపియర్లు, అంటే ఆ పన్నెండున్నర పికోఆంపియర్లకి 6,400 రెట్లు. సిగ్నల్ వచ్చే చోట 100 కిలోఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటే ఈ కరెంటు దానిమీద 8 మిల్లీవోల్టులు పడేస్తుంది, అవుట్‌పుట్‌లో అది 80 మిల్లీవోల్టులు అవుతుంది. 40 గిగాఓమ్‌ల లెక్క తప్పు కాదు. విద్యార్థికి పనికొచ్చే లెక్క మాత్రం 80 నానోఆంపియర్లది. సిగ్నల్ బలహీనమైన సెన్సర్ నుంచి వస్తే 741 వదిలేసి, బయాస్ కరెంటు పికోఆంపియర్లలో ఉండే టీఎల్072 లాంటి జేఫెట్ చిప్ పట్టుకోవడం ఇందుకే.

బ్లాక్ బీజగణితం ఇంత ఇచ్చింది. అయినా అది కూడా ఒక చోట విద్యార్థిని వదిలేస్తుంది. నా దృష్టిలో ఈ మొత్తం ప్రశ్నకి కీలకం ఆ చోటే.

ప్లస్, మైనస్ ఇన్‌పుట్‌లను తారుమారు చేసి చూడండి. సిగ్నల్ మైనస్‌కి, ఫీడ్‌బ్యాక్ ప్లస్‌కి. రెండు నియమాలు వాడితే ఏమొస్తుంది? కరెంటు పోదు, వోల్టేజీలు సమానం, గెయిన్ 10. బీజగణితం వాడితే? 2 లక్షలను ఈసారి 20,001కి బదులు 19,999తో భాగించాలి. గెయిన్ 10.0005. రెండు పద్ధతులూ ఈ సర్క్యూట్ చక్కగా పది రెట్లు పెంచుతుందని చెబుతాయి. బ్రెడ్‌బోర్డు మీద పెడితే అవుట్‌పుట్ 14 వోల్టుల దగ్గరో, మైనస్ 14 దగ్గరో అతుక్కుపోతుంది. ఇన్‌పుట్ 1.4 వోల్టులు దాటితే ఒక కొస నుంచి ఇంకో కొసకి ఎగిరి, మళ్లీ మైనస్ 1.4 కిందికి దిగేదాకా అక్కడే ఉంటుంది. అది ఆంప్లిఫయర్ కాదు, ష్మిట్ ట్రిగర్. సరైన సర్క్యూట్‌కీ తప్పు సర్క్యూట్‌కీ ఒకే జవాబు ఇచ్చే పద్ధతిని నేర్చుకుని సర్క్యూట్ అర్థమైందని ఎలా అనుకోగలం?

తేడా తెలియాలంటే సమయాన్ని లెక్కలోకి తేవాలి. బీజగణితం పరిష్కారం ఎక్కడుందో చూపిస్తుంది, అక్కడికి సర్క్యూట్ చేరుతుందా లేదా అన్నది చెప్పదు. ఆప్-ఆంప్ అవుట్‌పుట్ ఒక్కసారిగా మారదు. లోపల 30 పికోఫారడ్‌ల కెపాసిటర్ ఉంది, దాన్ని నింపుతూనే అవుట్‌పుట్ కదలాలి. 741 నిజంగా చేసేది ఇది: రెండు ఇన్‌పుట్‌ల మధ్య తేడా ఎంత ఉంటే అంత వేగంగా అవుట్‌పుట్‌ను కదుపుతుంది. తేడా పాజిటివ్ అయితే పైకి, నెగెటివ్ అయితే కిందికి, తేడా దాదాపు పోతే ఆగుతుంది. ఇన్‌పుట్‌లో హఠాత్తుగా 10 మిల్లీవోల్టులు పెట్టామనుకోండి. మొదటి క్షణంలో అవుట్‌పుట్ సున్నా, మైనస్ ఇన్‌పుట్ సున్నా, తేడా పూర్తిగా 10 మిల్లీవోల్టులు. 741 గెయిన్-బ్యాండ్‌విడ్త్ సుమారు 1 మెగాహెర్ట్జ్ కాబట్టి ఆ తేడాకి అవుట్‌పుట్ మైక్రోసెకనుకి 63 మిల్లీవోల్టుల వేగంతో లేస్తుంది. అది లేచేకొద్దీ దానిలో పదో వంతు మైనస్ ఇన్‌పుట్‌కి చేరి తేడాని తగ్గిస్తుంది, తేడా తగ్గేకొద్దీ వేగం తగ్గుతుంది. 1.6 మైక్రోసెకన్లలో దారిలో 63 శాతం, 8 మైక్రోసెకన్లలో 99 శాతం పైన చేరి, 100 మిల్లీవోల్టుల దగ్గర స్థిరపడుతుంది. అక్కడినుంచి ఏదైనా అవుట్‌పుట్‌ను పైకి నెడితే మైనస్ ఇన్‌పుట్ పెరిగి దాన్ని కిందికి లాగుతుంది, కిందికి నెడితే పైకి లాగుతుంది. తారుమారు చేసిన సర్క్యూట్‌లోనూ పది రెట్ల దగ్గర ఒక సమతుల్యత ఉన్న మాట నిజమే. కాని అక్కడినుంచి వెంట్రుకవాసి పక్కకి జరిగితే ఫీడ్‌బ్యాక్ దాన్ని ఇంకా అదే పక్కకి నెడుతుంది. అందుకే ఏ అవుట్‌పుట్టూ అక్కడ నిలబడదు.

ఇదే నేను సరైనదనుకునే వివరణ. వర్చువల్ షార్ట్‌ను నియమంగా మొదట్లో చెప్పకూడదు. మైనస్ ఇన్‌పుట్ ప్లస్ ఇన్‌పుట్‌ను వెంటాడే ఈ వెంటాటకి ఫలితంగా చివర్లో చెప్పాలి. అలా చెబితే అది ఎప్పుడు చెల్లదో కూడా దానంతటదే అర్థమవుతుంది. 10 మిల్లీవోల్టులకి బదులు ఒక్కసారిగా 1 వోల్టు పెట్టి చూడండి. ఆ తేడాకి మైక్రోసెకనుకి 6 వోల్టుల పైన వేగం కావాలి. 741లో ఆ చిన్న కెపాసిటర్‌ను నింపడానికి ఉన్నది సుమారు 20 మైక్రోఆంపియర్లే, అందుకే దాని వేగం మైక్రోసెకనుకి అర వోల్టు దగ్గర ఆగిపోతుంది. ఇది స్లూ రేటు. పది వోల్టులు ఎక్కడానికి సుమారు 20 మైక్రోసెకన్లు పడుతుంది, దాదాపు ఆ సమయమంతా రెండు ఇన్‌పుట్‌లు దూరంగానే ఉంటాయి. ఆ వ్యవధిలో వర్చువల్ షార్ట్ లేదు. 10 వోల్టుల ఎత్తున్న సైన్ తరంగాన్ని 741 వంకర లేకుండా ఇవ్వగలిగేది 8 కిలోహెర్ట్జ్ దాకానే. చిన్న సిగ్నల్‌కి బ్యాండ్‌విడ్త్ 1 మెగాహెర్ట్జ్‌ను గెయిన్ 10తో భాగిస్తే వచ్చే 100 కిలోహెర్ట్జ్. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ ప్రయోగంలో ఇన్‌పుట్ ఎంత పెట్టారో రాయకుండా గ్రాఫ్ మాత్రం గీస్తే ఈ రెండు హద్దులూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

ఆ 30 పికోఫారడ్‌ల కెపాసిటర్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. వెనక్కి తెచ్చే సిగ్నల్ ఆలస్యంగా చేరితే తీసివేత కాస్తా కూడికగా మారి సర్క్యూట్ తనంతట తాను ఊగిసలాడుతుంది. ఎప్పుడు ఊగుతుందో తేల్చే గణితాన్ని బెల్ ల్యాబ్స్‌లోనే హ్యారీ నైక్విస్ట్ 1932లో ఇచ్చాడు, హెండ్రిక్ బోడే దాన్ని ఇంజనీర్ల చేతిపనిముట్టుగా మార్చాడు. ఫెయిర్‌చైల్డ్‌లో బాబ్ విడ్లర్ రూపొందించి 1965లో తెచ్చిన 709 గొప్ప చిప్, అయితే ఊగకుండా ఉండాలంటే బయట రెసిస్టర్లు, కెపాసిటర్లు సరిగ్గా ఎంచి పెట్టుకోవాలి. 1968లో అదే కంపెనీలో డేవ్ ఫుల్లగర్ ఆ కెపాసిటర్‌ను చిప్ లోపలే పెట్టి 741 చేశాడు. దాని వల్ల ఓపెన్ లూప్ గెయిన్ 5 హెర్ట్జ్ దగ్గర నుంచే పడిపోవడం మొదలవుతుంది. వేగం చాలా పోయింది, బదులుగా ఫాలోయర్‌గా పెట్టినా ఊగని స్థిరత్వం వచ్చింది. ఎవరైనా రెండు రెసిస్టర్లు తగిలించి వాడుకోగల ఆప్-ఆంప్ అలా వచ్చింది. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో ఈరోజుకీ ఒక డిప్లొమా విద్యార్థి ధైర్యంగా 741 కొనుక్కెళ్లగలుగుతున్నాడంటే ఆ నిర్ణయమే కారణం.

నాన్-ఇన్వర్టింగ్ సర్క్యూట్ చరిత్రలో ఇంకో మలుపుంది, పాఠ్యపుస్తకాలు దాన్ని దాదాపు వదిలేశాయి. మొదటి ఆప్-ఆంప్‌లకి రెండు ఇన్‌పుట్‌లు లేవు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో విమాన విధ్వంసక ఫిరంగులకి గురి లెక్కించే పరికరాల కోసం బెల్ ల్యాబ్స్‌లో కార్ల్ స్వార్ట్‌జెల్ చేసిన ట్యూబు ఆంప్లిఫయర్‌కి ఇన్వర్టింగ్ ఇన్‌పుట్ ఒక్కటే ఉండేది. ఆపరేషనల్ ఆంప్లిఫయర్ అన్న పేరు 1947లో జాన్ రగజీని, ఆయన సహచరుల పరిశోధన పత్రంతో ప్రచారంలోకి వచ్చింది. అందులో వాడిన ఆంప్లిఫయర్లలో లోబ్ జూలీ రూపొందించినదానికి ప్లస్, మైనస్ రెండు ఇన్‌పుట్‌లూ ఉన్నాయి. ఆ తర్వాత 1949లో ఆర్‌సీఏ ఇంజనీరు ఎడ్విన్ గోల్డ్‌బర్గ్ డ్రిఫ్ట్ తగ్గించడానికి తెచ్చిన చాపర్ పద్ధతి ప్లస్ ఇన్‌పుట్‌ను తన పనికే వాడేసుకుంది. మంచి ఖచ్చితత్వం కావాలంటే మళ్లీ ఇన్వర్టింగే గతి అయింది. 1953లో జార్జ్ ఫిల్‌బ్రిక్ రెండు 12ఏఎక్స్7 ట్యూబులతో అమ్మకానికి పెట్టిన కే2-డబ్ల్యూ రెండు ఇన్‌పుట్‌లనూ వాడేవాళ్ల చేతికిచ్చింది. సిగ్నల్‌ను ఒక ఇన్‌పుట్‌లో, ఫీడ్‌బ్యాక్‌ను ఇంకో ఇన్‌పుట్‌లో వేరువేరుగా పెట్టే వీలు అలా అందరికీ దొరికింది.

ఆ వేరు చేయడంలో లాభం ఉంది, ఖర్చూ ఉంది. ఇన్వర్టింగ్ సర్క్యూట్‌లో ప్లస్ ఇన్‌పుట్ గ్రౌండ్‌కి పోతుంది, సిగ్నల్ కింది రెసిస్టర్ గుండా మైనస్‌కి వస్తుంది. అందుకే సిగ్నల్ ఆ రెసిస్టర్‌ను నేరుగా మోయాలి, 1 కిలోఓమ్ పెడితే సిగ్నల్‌కి కనిపించేది 1 కిలోఓమే. నాన్-ఇన్వర్టింగ్‌లో ఆ భారం లేదు. కాని ఇన్వర్టింగ్‌లో రెండు ఇన్‌పుట్‌లూ గ్రౌండ్ దగ్గర కదలకుండా కూర్చుంటాయి, ఇక్కడ రెండూ సిగ్నల్‌తోపాటు పైకీ కిందికీ వెళతాయి. రెండూ కలిసి కదిలినప్పుడు చిప్ దాన్ని పూర్తిగా పట్టించుకోకుండా ఉండలేదు. 741కి ఆ పొరపాటు వోల్టుకి సుమారు 30 మైక్రోవోల్టులు, అంటే మనం చూసిన 25 మైక్రోవోల్టుల తేడాతో పోల్చదగినంత. ఇంకా పెద్ద ప్రమాదం హద్దులది. పాత టీఎల్072 ప్లస్ ఇన్‌పుట్ నెగెటివ్ సప్లైకి మరీ దగ్గరైతే అవుట్‌పుట్ హఠాత్తుగా తిరగబడి పై కొసకి ఎగిరిపోతుంది. ఇన్వర్టింగ్‌లో వాడేవాళ్లు ఈ సంగతి జన్మలో చూడరు.

పుస్తకంలో ఉండక బ్రెడ్‌బోర్డు మీద ఎదురయ్యే ఇబ్బందులు ఇంకొన్ని ఉన్నాయి. డీసీని ఆపడానికి ప్లస్ ఇన్‌పుట్‌కి ముందు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒక్కటే పెట్టి, అక్కడినుంచి గ్రౌండ్‌కి రెసిస్టర్ పెట్టడం మరిచిపోవడం అన్నిటికన్నా ఎక్కువమంది చేసే పొరపాటు. బయాస్ కరెంటు రావడానికి వేరే దారి లేక కెపాసిటర్‌నే లాగుతుంది. 80 నానోఆంపియర్లకి ఆ కెపాసిటర్ వోల్టేజి సెకనుకి 0.8 వోల్టు చొప్పున దిగిపోతుంది, రెండు సెకన్లలోపే అవుట్‌పుట్ మైనస్ 14 దగ్గర కూర్చుంటుంది. చిప్ పోయిందనుకుని మార్చేస్తారు. కొత్త చిప్పూ అక్కడే కూర్చుంటుంది. గ్రౌండ్‌కి 100 కిలోఓమ్‌లు పెడితే సరిపోతుంది.

రెసిస్టర్ల విలువలు ఎంచడంలో నిష్పత్తి ఒక్కటే చాలదు. 9 ఓమ్‌లు, 1 ఓమ్ పెట్టినా నిష్పత్తి అదే, కాని 5 వోల్టులకి అర ఆంపియర్ కావాలి, 741 ఇవ్వగలిగేది 25 మిల్లీఆంపియర్ల దరిదాపు. 9 మెగాఓమ్‌లు, 1 మెగాఓమ్ పెడితే మైనస్ ఇన్‌పుట్ దగ్గర సహజంగా ఉండే అయిదారు పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ చాలు, ఫీడ్‌బ్యాక్ 35 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆలస్యం కావడం మొదలై సర్క్యూట్ ఊగడానికి సిద్ధమవుతుంది. కిలోఓమ్‌ల నుంచి కొన్ని పదుల కిలోఓమ్‌ల దాకా ఉండే మధ్య దారి అందుకే. ఖచ్చితత్వం మాటకొస్తే, చిప్ వల్ల వచ్చే తప్పు 0.005 శాతం అయినచోట 5 శాతం టాలరెన్స్ రెసిస్టర్లు రెండూ ఎదురెదురు దిక్కుల్లో తప్పితే గెయిన్ దాదాపు 9 శాతం తప్పగలదు. ఖరీదైన ఆప్-ఆంప్ కొని చవక రెసిస్టర్లు పెట్టడంలో అర్థం లేదు.

ఇక మన దగ్గర విద్యార్థి ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే ఒక కూర్పు. ఎల్ఎం35 ఉష్ణోగ్రత సెన్సర్ డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. దాన్ని ఎల్ఎం358తో పది రెట్లు పెంచి, 5 వోల్టుల మైక్రోకంట్రోలర్‌కి ఇస్తారు. చిప్‌కి సప్లై కూడా అదే 5 వోల్టులు. ఏసీ గదిలో చక్కగా పనిచేస్తుంది. వేసవిలో 45 డిగ్రీలు చూసే రెంటచింతలలోనో రామగుండంలోనో ఆరుబయట పెడితే రీడింగు 35 దగ్గర ఆగిపోతుంది. ఎల్ఎం358 అవుట్‌పుట్ తన సప్లైకి సుమారు ఒకటిన్నర వోల్టు కిందివరకే ఎక్కగలదు, 5 వోల్టుల సప్లైకి అది 3.5 వోల్టులు. సూత్రం 4.5 అంటుంది, చిప్ ఎక్కలేదు. ఆ క్షణంలో మల్టీమీటర్ పెడితే ప్లస్ ఇన్‌పుట్ 450 మిల్లీవోల్టులు, మైనస్ ఇన్‌పుట్ 350 మిల్లీవోల్టులు. వెంటాట మధ్యలోనే ఆగిపోయిందని ఆ రెండు అంకెలే చెబుతాయి. గెయిన్ 7కి తగ్గించాలి, లేదా సప్లై పెంచాలి, లేదా ఎంసీపీ6002 లాంటి రైల్-టు-రైల్ చిప్ వాడాలి.

ఈ సర్క్యూట్ అందంగా పనిచేసే చోటు ఒకటి చెప్పాలి. ఈసీజీ యంత్రంలో గుండె సిగ్నల్ మిల్లీవోల్టు మాత్రమే, దాని చుట్టూ కరెంటు తీగల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొద అంతకన్నా ఎంతో పెద్దది. ఆ యంత్రాల ముందు భాగంలో ఉండే ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫయర్ అంటే రెండు నాన్-ఇన్వర్టింగ్ సర్క్యూట్లు ఒకే కింది రెసిస్టర్‌ను పంచుకోవడమే. ఆ రెసిస్టర్ గ్రౌండ్‌కి పోదు, ఒకదాని మైనస్ ఇన్‌పుట్ నుంచి రెండోదాని మైనస్ ఇన్‌పుట్‌కి పోతుంది. రెండు ఎలక్ట్రోడ్‌ల మీదా సమానంగా వచ్చే రొదకి ఆ రెసిస్టర్ రెండు కొనలూ కలిసి కదులుతాయి, దానిలో కరెంటు పారదు, ప్రతి ఆంప్లిఫయర్ ఫాలోయర్‌లా మారి రొదని ఒక రెట్టే పంపిస్తుంది. ఎలక్ట్రోడ్‌ల మధ్య తేడా అయిన గుండె సిగ్నల్‌కి మాత్రం పూర్తి గెయిన్ దొరుకుతుంది. తర్వాతి దశలో తీసివేత జరిగి రొద పోతుంది. విద్యార్థిని తికమకపెట్టే ఆ ‘ఒకటి’ ఆసుపత్రి మంచం పక్కన ఇంత పని చేస్తోంది.

ల్యాబ్‌లు నడిపే అధ్యాపకులకి నాదొక విన్నపం. రికార్డులో ఇప్పుడున్నది ఇన్‌పుట్, అవుట్‌పుట్, గెయిన్ అనే మూడు గళ్లు. దయచేసి మైనస్ ఇన్‌పుట్ వోల్టేజికి నాలుగో గడి చేర్చండి. 741లో అది 2వ పిన్, ప్లస్ ఇన్‌పుట్ 3వది. ఇన్‌పుట్ పెంచుకుంటూ పోయి అవుట్‌పుట్ 14 వోల్టుల దగ్గర ఆగిపోయాక ఆ రెండు పిన్‌లు ఎలా విడిపోతాయో పిల్లల చేతే కొలిపించండి. ఆ తర్వాత ఆ రెండు పిన్‌లకి వచ్చే తీగలను కావాలని తారుమారు చేయించి, అదే సూత్రం అదే గెయిన్ చెబుతున్నా అవుట్‌పుట్ ఏం చేస్తోందో చూపించండి. ఆ తారుమారు వల్ల 741 పాడవదు, చిప్ ఖర్చూ పెరగదు.